సమాజం వెలివేసినా కలం ఆపని జార్జ్ ఇలియట్

1994 ప్రారంభంలో బ్రిటన్ ప్రేక్షకులను ఒక పాత కథ వారం వారం టెలివిజన్ ముందు కూర్చోబెట్టింది. డొరొథియా అనే ఆదర్శవంతురాలైన యువతి, తనకంటే ఎంతో పెద్దవాడైన పండితుణ్ని పెళ్లాడి ఊపిరాడని జీవితంలో చిక్కుకుంటుంది. లిడ్‌గేట్ అనే యువ వైద్యుడు గొప్ప ఆశయాలతో వచ్చి అప్పులపాలవుతాడు. బీబీసీ ఆరు భాగాలుగా ప్రసారం చేసిన ఆ ధారావాహిక ‘మిడిల్‌మార్చ్’. చిత్రీకరణ చాలావరకు స్టామ్‌ఫర్డ్ పట్టణపు పాత వీధుల్లో జరిగింది. దాన్ని చూసినవారు ఎందరో మూల నవలను కొని చదివారు.

ఆ నవలపై ఉన్న జార్జ్ ఇలియట్ అనే పురుషుడి పేరు వెనుక ఉన్నది మేరీ ఆన్ ఎవాన్స్ అనే మహిళ.

1819 నవంబర్ 22న ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో ఆమె జన్మించారు. తండ్రి రాబర్ట్ ఎవాన్స్ ఒక పెద్ద ఎస్టేటు వ్యవహారాలు చూసేవారు. బాల్యంలో అన్న ఐజాక్ ఆమెకు ప్రాణం. పదహారేళ్ల వయసులో తల్లిని కోల్పోయారు. 1842లో తన విశ్వాసం మారిందంటూ చర్చికి వెళ్లడం మానేయడంతో తండ్రి ఆగ్రహించారు. చివరికి ఇద్దరూ రాజీపడ్డారు. 1849లో ఆయన మరణించేవరకు ఆమే సేవలు చేశారు.

తర్వాత లండన్ చేరి ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’ పత్రికలో సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. లోకానికి మాత్రం సంపాదకుడిగా పత్రిక యజమాని పేరే తెలుసు.

అక్కడే రచయిత జార్జ్ హెన్రీ లూయిస్‌తో పరిచయం ఏర్పడింది. ఆయన వివాహితుడు. భార్యకు మరొకరి వల్ల కలిగిన సంతానాన్ని తన పిల్లలుగా అంగీకరించినందున నాటి చట్టం ఆయనకు విడాకులకు అవకాశమివ్వలేదు. 1854 నుంచి వారిద్దరూ దంపతులుగానే జీవించారు. మర్యాదస్తుల కుటుంబాల తలుపులు ఆమెకు మూసుకుపోయాయి. లూయిస్‌ను ఎవరూ అంతగా తప్పుపట్టలేదు. 1857లో విషయం తెలిసిన ఐజాక్ చెల్లెలితో మాటలు మానేశారు.

లూయిస్ ప్రోత్సాహంతో అదే ఏడాది ఆమె కథలు వెలుగుచూశాయి. స్త్రీల రచనలను తేలిగ్గా చూసే కాలం కావడం, తన జీవితంపై నిందలు రచనలకు అంటుకుంటాయన్న భయం ఆమెను మారుపేరు వైపు నడిపించాయి. 1859లో ‘ఆడమ్ బీడ్’ ఘనవిజయం సాధించింది. దాని రచయిత వేరొకరన్న ప్రచారం జోరందుకోవడంతో అసలు పేరు బయటపెట్టక తప్పలేదు. విక్టోరియా రాణి సైతం ఆమె నవలలు చదివారు.

మరుసటి ఏడాది వచ్చిన ‘ద మిల్ ఆన్ ద ఫ్లాస్’లో అన్నాచెల్లెళ్ల ఎడబాటే ప్రధాన కథ. 1871-72లో ‘మిడిల్‌మార్చ్’ ఎనిమిది భాగాలుగా విడుదలైంది. తర్వాతి భాగం కోసం నాటి పాఠకులు కూడా ఎదురుచూడాల్సి వచ్చింది.

1878లో లూయిస్ కన్నుమూశారు. 1880 మే నెలలో తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన జాన్ క్రాస్‌ను ఆమె చట్టబద్ధంగా వివాహమాడారు. అప్పుడే ఐజాక్ శుభాకాంక్షలతో ఉత్తరం రాశారు. ఇరవై మూడేళ్ల మౌనం అలా ముగిసింది. కానీ ఆమెకు మిగిలింది ఏడు నెలలే. అదే ఏడాది డిసెంబర్ 22న తుదిశ్వాస విడిచారు.

వెస్ట్‌మినిస్టర్ అబేలో ఆమె ఖననానికి చోటు దక్కలేదు. హైగేట్ శ్మశానవాటికలో లూయిస్ సమాధి చెంతనే అంత్యక్రియలు జరిగాయి. మరో వందేళ్లకు, 1980లో, అబేలో ఆమె స్మారక ఫలకాన్ని ఏర్పాటు చేశారు. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, ఒకనాడు ఆమెను గడప తొక్కనివ్వని సమాజంలోనే, ఆమె కథ టెలివిజన్ ద్వారా ఇంటింటికీ చేరింది.