అలన్ ట్యూరింగ్ : ముగింపును గణించిన మేధావి

ఏ కార్యానికైనా ఆరంభం ఎంత ముఖ్యమో ముగింపూ అంతే ముఖ్యం. కంప్యూటరు ప్రోగ్రాములకు సైతం ఈ మాట వర్తిస్తుంది. ప్రోగ్రాము తన పని ముగించి ఆగుతుందా, ఆగబోయే ముందు ఏమేమి చక్కబెట్టవలె అనే ప్రశ్నలకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. కంప్యూటరు ఇంకా రూపొందని రోజులలోనే ఈ విచారణకు పునాది వేసిన అలన్ ట్యూరింగ్ జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచుతున్నాము.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించారు. తండ్రి జూలియస్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారిగా నాటి మద్రాసు రాజధానిలో, కర్నూలు వంటి తెలుగు ప్రాంతాలలో కూడా, పనిచేశారు. తల్లి ఈథెల్ సారా మద్రాసు రైల్వే ఇంజనీరు కుమార్తె. బాలుడు మాత్రం ఇంగ్లండులోనే పెరిగి, 1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో చేరారు.

ఇరువది నాలుగేండ్లు నిండకముందే, 1936లో, ఆయన ఒక ఊహా యంత్రాన్ని కల్పించి గొప్ప సత్యాన్ని నిరూపించారు. ఏ యంత్రం తన పనిని సక్రమంగా సాగిస్తుందో, ఏది మధ్యలో చిక్కుపడుతుందో అన్నింటి విషయంలోనూ ముందుగా తేల్చిచెప్పగల పద్ధతి ఉండజాలదన్నదే ఆ సత్యం. ప్రోగ్రాము ఆగుతుందా ఆగదా అనే రూపంలో తరువాతి పండితులు దానిని ప్రసిద్ధం చేశారు.

యుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించుటలో ఆయన ప్రముఖ పాత్ర వహించారు. 1945లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో చేరి ఏస్ అనే కంప్యూటరుకు ప్రణాళిక రచించారు. ఒక పని నడుమ ఉపకార్యానికి వెళ్లిన యంత్రం తిరిగి ఎక్కడికి రావలెనో గుర్తుంచుకోవలె. అందుకై ఆ చోటును పూడ్చిపెట్టి, పని ముగియగానే వెలికితీసే ఏర్పాటును ఆయన సూచించారు. చివర పూడ్చినదే మొదట వెలికివస్తుంది.

1949 జూన్‌లో కేంబ్రిడ్జి సమావేశంలో మరొక మెట్టు ఎక్కారు. అన్ని ప్రోగ్రాములకూ వర్తించే పద్ధతి లేకున్నా, చేతిలో ఉన్న ఒక ప్రోగ్రాము ఆగితీరునని నిరూపించవచ్చునన్నారు. అడుగడుగునా తగ్గుతూ పోయే ఒక పరిమాణాన్ని రచయిత చూపవలె. అది అంతులేకుండా తగ్గజాలదు గనుక ప్రోగ్రాము ఆగకతప్పదు. అసాధ్యమని తానే నిరూపించిన చోట నిరాశ చెందక, సాధ్యమైన మేరకు దారి వేయుట ఆయన గొప్పతనం.

ఆగుట ఒక ఎత్తు, చక్కబెట్టి ఆగుట మరొక ఎత్తు. ఈ రెండవది తరువాతి తరం సాధించినది. 1989 నాటి సి భాషా ప్రమాణం ప్రకారం, ఎగ్జిట్ అనే ఆదేశం అందగానే, ముందుగా నమోదు చేసిన ముగింపు పనులు ఒక్కొక్కటిగా నెరవేరుతాయి. ఇక్కడా చివర నమోదైనదే మొదట జరుగుతుంది. పిదప బఫరులో నిలిచిన వ్రాత ఫైళ్లకు చేరుతుంది, తెరిచిన ఫైళ్లు మూతపడతాయి. యునిక్సు వంటి వ్యవస్థలలో సిగ్‌కిల్ సంకేతంతో బలవంతంగా ఆపితే ఈ అవకాశం ఉండదు. మెమరీని, ఫైళ్లను వ్యవస్థ తిరిగి తీసుకొంటుంది గాని, ప్రోగ్రాము తన బఫరులో దాచుకొన్న వ్రాత నశిస్తుంది.

ట్యూరింగ్ జీవితమూ ఇట్లే అర్ధాంతరంగా ఆగినది. స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన నాటి చట్టం క్రింద 1952లో ఆయనకు శిక్ష పడినది. 1954 జూన్ 7న విషప్రభావంతో మరణించారు. విచారణ దానిని ఆత్మహత్యగా నిర్ణయించినది. మొక్కల ఆకృతులపై ఆయన సాగిస్తున్న పరిశోధన అసంపూర్ణంగా మిగిలినది. 2009లో బ్రిటిషు ప్రధాని క్షమాపణ చెప్పారు, 2013లో రాజక్షమ లభించినది. దేశం తన వంతు చక్కబెట్టుకొన్నది గాని, ఆయన వ్రాయవలసినవి ఇక రావు.

విద్యార్థులారా, చేపట్టిన పనిని ఎట్లు ముగించవలెనో ఆరంభంలోనే ఆలోచించుడు. తోటివాని పనిని నడుమ తెగనీయకుండా కాపాడుడు. ఆ మేధావికి మనం చేయదగిన నివాళి ఇదేనని మా విశ్వాసం.