సేనాని హాన్ షిన్

చైనా చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు హాన్ షిన్ దగ్గరే ఆగుతుంది. హాన్ వంశస్థాపకుడైన లియు బాంగ్‌కు రాజ్యం సంపాదించిపెట్టిన సేనాని ఇతడే.

హువాయిన్‌లో తిండికి కూడా లేని రోజుల్లో, ఏటి ఒడ్డున ఉతుకుడు పని చేసుకునే ఒక ముసలమ్మ ఇతనికి అన్నం పెట్టింది. కత్తి దూస్తావా, నా కాళ్ళ మధ్య దూరతావా అని ఒక రౌడీ బజారులో నిలదీస్తే, నలుగురూ నవ్వుతుండగా దూరాడు. అది పిరికితనమని నేననుకోను.

షియాంగ్ యు కొలువులో తన సలహా వినే నాథుడు లేక లియు బాంగ్‌ను చేరాడు. అక్కడ దొరికింది ధాన్యం లెక్కలు చూసే పని (మనలో చాలామందికి తెలిసిన కొలువే!). విసిగి వెళ్ళిపోతుంటే షియావో హ వెంటబడి వెనక్కి తెచ్చి, సేనాధిపతిని చేయించాడు. జింగ్‌షింగ్ వద్ద సైన్యాన్ని నదికి వీపు పెట్టి నిలిపాడు. పారిపోయే దారి లేక వారు తెగించి పోరాడుతుండగా, దాగి ఉన్న 2000 మంది రౌతులు శత్రువు ఖాళీ చేసిన శిబిరంలో ఎర్రజెండాలు ఎత్తారు. క్రీ.పూ. 202లో గైషియా వద్ద షియాంగ్ యు పని ముగిసింది.

చు రాజ్యానికి రాజై, ముసలమ్మకు బంగారమూ రౌడీకి ఉద్యోగమూ ఇచ్చాడు. మరుసటి ఏడే లియు బాంగ్ అనుమానంతో బంధించి హోదా తగ్గించాడు. క్రీ.పూ. 196లో తిరుగుబాటు నేరం మోపి లూ మహారాణి చంపించింది. సైన్యమంతా చేతిలో ఉన్ననాడు తిరగబడనివాడు అన్నీ పోయాక తిరగబడ్డాడంటే నాకు నమ్మకం కుదరదు. నచ్చజెప్పి అతణ్ణి ప్రాసాదానికి రప్పించినది ఆ షియావో హ యే.