ధీరేన్ గంగూలీ

ధీరేంద్రనాథ్ గంగూలీ (మార్చి 26, 1893 - నవంబరు 18, 1978) మూకీ చిత్రాల కాలానికి చెందిన సుప్రసిద్ధ బెంగాలీ దర్శకుడు, నటుడు, నిర్మాత, చిత్రకారుడు. ధీరేన్ గంగూలీ అనీ, డి.జి. అనీ చలనచిత్ర రంగంలో ప్రసిద్ధుడు. బెంగాలీ హాస్య చిత్రాలకు ఆద్యులలో ఒకడు. 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి, నిజాం సంస్థానంలో చిత్రనిర్మాణానికి శ్రీకారం చుట్టాడు. భారతదేశంలో సినిమా అంటే బొంబాయి, కలకత్తా అని మాత్రమే అనుకునే రోజులలో ఆ రెండింటికీ దూరంగా దక్కనులో ఒక స్టూడియోను నెలకొల్పడం ఈయన చేసిన సాహసం. రెండేళ్ళకే నిజాం ఆగ్రహానికి గురై సంస్థానాన్ని విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1974లో పద్మభూషణ్, 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు.

బాల్యము, విద్య

గంగూలీ 1893లో బెంగాలులో జన్మించాడు. రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతనంలో నెలకొల్పిన విద్యాలయంలో చదువుకున్నాడు. కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలలో చిత్రలేఖనం అభ్యసించాడు. రూపచిత్రాలు వేయడంలో మంచి నేర్పు సంపాదించాడు. ఆ విద్యే ఈయనను మొదటిసారి హైదరాబాదుకు తీసుకువచ్చింది. సినిమాలలో ప్రవేశించక మునుపే నిజాం రాజ్యంలోని కళాపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు. కాబట్టి తరువాతి కాలంలో ఈయన హైదరాబాదును తన కార్యక్షేత్రంగా ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆ నగరంతో ఈయనకు అప్పటికే పరిచయం ఉన్నది.

ఛాయాచిత్రాల నుండి చలనచిత్రాలకు

గంగూలీకి చిత్రలేఖనంతో పాటు వేషధారణ మీద ఎక్కువ మక్కువ. 1915లో 'భావేర్ అభిబ్యక్తి' అనే ఛాయాచిత్రాల పుస్తకం ప్రచురించాడు. భావాల అభివ్యక్తి అని దాని అర్థం. అందులో స్త్రీ పురుష పాత్రలన్నింటినీ తానే ధరించి ఫోటోలు తీయించుకున్నాడు. మారువేషాలలో ఈయనకున్న నైపుణ్యాన్ని గుర్తించి, కలకత్తా పోలీసు శాఖ తన సిబ్బందికి మారువేష విద్యలో శిక్షణ ఇప్పించుకున్నది.

ఆ పుస్తకం మూలంగానే ఈయనకు జంషెడ్జీ ఫ్రాంజీ మదన్‌తో పరిచయం కలిగింది. మదన్ ఆనాటి కలకత్తా సినిమా వ్యాపారంలో మకుటం లేని మహారాజు. చిత్రాలు తీయడం, పంచడం, సినిమా హాళ్ళు నడపడం అన్నీ ఆయన సంస్థే చేసేది. మదన్ సంస్థలో మేనేజరుగా ఉన్న నీతీశ్ చంద్ర లాహిరితో కలిసి గంగూలీ 1918లో ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీని ప్రారంభించాడు. బెంగాలీల యాజమాన్యంలో ఏర్పడిన తొలి చిత్రనిర్మాణ సంస్థ ఇదే. (ఈ లాహిరి తరువాత 1962-63లో రోటరీ ఇంటర్నేషనల్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు.)

ఈ సంస్థ తొలి చిత్రం 'బిలాత్ ఫేరత్' 1921లో విడుదలైంది. సీమ నుండి తిరిగి వచ్చిన వాడు అని ఆ పేరుకు అర్థం. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన బెంగాలీ యువకుడు, స్వదేశంలోని ఆచారాలతో పడే ఇబ్బందులు ఇందులోని కథావస్తువు. తెల్లదొరలను అనుకరించే వారినీ, పాత ఆచారాలను గుడ్డిగా పట్టుకుని వేలాడే వారినీ కూడా ఇది ఎగతాళి చేసింది. ప్రధాన పాత్రను గంగూలీయే ధరించాడు. పురాణ కథలే సినిమాలుగా వస్తున్న రోజులలో, సమకాలీన జీవితాన్ని హాస్యంగా చూపిన చిత్రంగా దీనికి పేరు వచ్చింది. ఆ తరువాత 1922లో 'యశోదా నందన్', 'సాధు ఔర్ షైతాన్' చిత్రాలు వెలువడ్డాయి.

హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ

1922లో గంగూలీ హైదరాబాదు చేరి లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించాడు. అప్పటి పాలకుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈయనకు ప్రోత్సాహమిచ్చాడు. ఆ అండతో గంగూలీ ఒక స్టూడియోను, రెండు సినిమా హాళ్ళను ఏర్పాటు చేసుకున్నాడు.

ఒక బెంగాలీ తన నగరాన్ని వదలి ఇంత దూరం రావడానికి గల అనుకూలతలు గమనించదగినవి. కలకత్తాలో మదన్ సంస్థ ముందు చిన్న కంపెనీలు నిలవడం కష్టం. హైదరాబాదులో అటువంటి పోటీ లేదు. 1921 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో దాదాపు కోటి ఇరవై అయిదు లక్షల మంది ప్రజలున్నారు. పైగా మూకీ చిత్రానికి భాష అడ్డు కాదు. పాత్రల మాటలను తెలిపే టైటిలు కార్డులను కావలసిన భాషలో మార్చుకుంటే చాలును. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే ప్రజలున్న సంస్థానానికి ఇది ఎంతో అనుకూలమైన సాధనం. టాకీలు వచ్చిన తరువాత ఒక బెంగాలీ దర్శకుడు హైదరాబాదులో ఇంత సులభంగా చిత్రాలు తీయగలిగేవాడు కాదు.

రెండు సంవత్సరాలలో లోటస్ కంపెనీ పతాకం క్రింద పలు చిత్రాలు వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి:

ఇంద్రజిత్ (1922)
లేడీ టీచర్ (1922)
హర గౌరి (1922)
మ్యారేజ్ టానిక్ (1923)
బిమాత (1923) - సవతి తల్లి అని అర్థం
చింతామణి (1923)
యయాతి (1923)
సతీ సీమంతిని (1923)

పురాణ గాథలు, సాంఘికాలు రెండూ ఈ జాబితాలో ఉండడం గమనార్హం. స్థిరపడిన పురాణ కథలతో ప్రేక్షకులను రప్పిస్తూనే, తనకు ఇష్టమైన సాంఘిక హాస్యాన్ని కూడా గంగూలీ విడిచిపెట్టలేదు. దేశంలో తయారైన మూకీ చిత్రాలలో అత్యధిక భాగం నశించిపోయినట్లే లోటస్ చిత్రాలు కూడా నేడు లభ్యం కావడం లేదు.

రజియా బేగం చిత్రం - బహిష్కరణ

సినిమా హాళ్ళు నడపాలంటే ఎప్పటికప్పుడు కొత్త చిత్రాలు కావాలి. ఒక చిన్న స్టూడియో ఏడాదికి తీసే నాలుగైదు చిత్రాలు రెండు హాళ్ళకు చాలవు. అందుచేత బయటి చిత్రాలను తెప్పించి ప్రదర్శించడం అందరికీ తప్పని పద్ధతి. ఆ విధంగానే 1924లో గంగూలీ బొంబాయిలో తయారైన 'రజియా బేగం' అనే మూకీ చిత్రాన్ని హైదరాబాదులో ప్రదర్శించాడు.

రజియా సుల్తానా 1236 నుండి 1240 వరకు ఢిల్లీని పాలించిన చరిత్ర ప్రసిద్ధురాలు. ఈ చిత్రంలో మాత్రం ఒక ముస్లిం రాకుమారి హిందువును ప్రేమించినట్లు కథ అల్లారు. ముస్లిం పాలకుని ఏలుబడిలో, ప్రజలలో అధిక సంఖ్యాకులు హిందువులుగా ఉన్న సంస్థానంలో ఈ ఇతివృత్తం నిజాంకు ఆగ్రహం కలిగించింది. స్టూడియోను, హాళ్ళను మూసివేసి సంస్థానం విడిచి వెళ్ళవలసిందిగా గంగూలీకి ఆజ్ఞ అయింది. తాను తీయని చిత్రం కారణంగా, తాను నిర్మించుకున్న సంస్థను ఈయన పోగొట్టుకున్నాడు.

బ్రిటిషు ఇండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టం అమలులో ఉండేది. దాని ప్రకారం 1920 నుండి బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను నగరాలలో సెన్సారు బోర్డులు పనిచేశాయి. ఒక చిత్రాన్ని నిషేధించినా, ఆ నిషేధం ఆ చిత్రానికే పరిమితం. సంస్థానాలకు ఆ చట్టం వర్తించదు. అక్కడ పాలకుని మాటే శాసనం. లోటస్ కంపెనీకి ప్రాణం పోసినదీ, తీసినదీ ఒకే చేయి కావడానికి కారణం ఇదే.

దీనికి భిన్నమైన ఉదాహరణ కొల్హాపూరు. అక్కడ బాబూరావు పెయింటర్ స్థాపించిన మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీకి కూడా సంస్థానాధీశుడు సాహూ మహారాజు ఆదరణ లభించింది. ఆ కంపెనీ చాలా ఏళ్ళు నడిచింది. అందులో పని నేర్చుకున్న వి. శాంతారాం మొదలైనవారు 1929లో ప్రభాత్ ఫిల్మ్ కంపెనీని ప్రారంభించారు. పోషకుడు మారినా, ఊరు మారినా, విద్య నిలిచింది. హైదరాబాదులో గంగూలీకి దక్కిన రెండేళ్ళ కాలం ఆ విధంగా ఒక తరాన్ని తయారు చేయడానికి చాలలేదు.

తిరిగి కలకత్తాకు

హైదరాబాదు నుండి వెళ్ళిన తరువాత గంగూలీ మళ్ళీ మొదటి నుండి ప్రారంభించవలసి వచ్చింది. 1929లో కలకత్తాలో బ్రిటిష్ డొమీనియన్ ఫిల్మ్స్ అనే సంస్థను నెలకొల్పి, డండంలో స్టూడియో కట్టాడు. అస్సాంలోని గౌరీపూరు జమీందారీ కుటుంబానికి చెందిన ప్రమథేశ్ చంద్ర బారువా ఇందులో పెట్టుబడి పెట్టాడు, చిన్న పాత్రలలో నటించాడు. దేవకీ బోస్ కూడా ఈ సంస్థ ద్వారానే చిత్రరంగంలో ప్రవేశించాడు. 1930లో వచ్చిన 'ఫ్లేమ్స్ ఆఫ్ ఫ్లెష్' చిత్రానికి ఆయన రచన చేశాడు, నటించాడు. అదే ఏడాది 'పంచశర్' చిత్రంతో దర్శకుడయ్యాడు. వీరిద్దరూ తరువాత భారతీయ సినిమాలో అగ్రశ్రేణి దర్శకులైన సంగతి తెలిసిందే. హైదరాబాదులో చేయ వీలుకాని పనిని, అనగా కొత్తవారిని తయారు చేయడాన్ని, గంగూలీ కలకత్తాలో చేయగలిగాడు.

1931లో టాకీలు రావడంతో ఈ మూకీ సంస్థ కూడా నిలవలేకపోయింది. గంగూలీ ఆ తరువాత ఇతర సంస్థలలో దర్శకుడుగా పనిచేశాడు. బి.ఎన్. సర్కార్ స్థాపించిన న్యూ థియేటర్స్ సంస్థకు తీసిన 'ఎక్స్‌క్యూజ్ మీ సర్' (1934) హాస్య చిత్రంగా పేరు పొందింది. 'విద్రోహి' (1935), 'ద్వీపాంతర్' (1936), 'ఆహుతి' (1941), 'దాబీ' (1943), 'శృంఖల్' (1947), 'శేష్ నిబేదన్' (1948) ఈయన ఇతర చిత్రాలు. 1949లో వచ్చిన 'కార్టూన్' దర్శకుడుగా ఈయన చివరి చిత్రం.

గంగూలీ అనంతరం హైదరాబాదు

లోటస్ కంపెనీ మూతపడిన తరువాత హైదరాబాదులో చిత్రనిర్మాణం చాలా కాలం వేళ్ళూనుకోలేదు. నటనపై ఆసక్తి గల యువకులు బయటికి వెళ్ళవలసి వచ్చింది. కరీంనగరులో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన పైడి జైరాజ్ 1929లో బొంబాయి చేరి హిందీ చిత్రాలలో కథానాయకుడయ్యాడు. ఆయన తరువాత 1980 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం అందుకున్నాడు.

తెలుగు టాకీల పరిస్థితి కూడా ఇంతే. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) బొంబాయిలో తయారైంది. చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వం వహించిన 'సతీ సావిత్రి' (1933), 'లవకుశ' (1934) కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ ఆధ్వర్యంలో తయారయ్యాయి. హైదరాబాదు వెళ్ళగొట్టిన దర్శకుని నగరానికే తెలుగు సినిమా స్టూడియో కోసం వెళ్ళడం చరిత్రలోని వింత. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియోను స్థాపించినా అది ఎక్కువ కాలం సాగలేదు. తెలుగు చిత్ర పరిశ్రమ క్రమంగా మద్రాసులో స్థిరపడింది.

1956లో ఆంధ్ర ప్రదేశ్ అవతరించి హైదరాబాదు రాజధాని అయిన తరువాతనే ఈ స్థితి మారసాగింది. నగరంలో సారథి స్టూడియోస్ వెలసింది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే నిర్మించిన తొలి తెలుగు చిత్రంగా ప్రసిద్ధి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. 1996లో నగర శివారులో రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడింది. ఉత్తర శివారులోని శామీర్‌పేట చెరువు పరిసరాలు కూడా చిత్రీకరణ స్థలాలయ్యాయి. గంగూలీ రోజులతో పోల్చితే ఈసారి తేడా ఉన్నది. ప్రభుత్వ ప్రోత్సాహం ఈసారి కూడా లభించినా, పరిశ్రమ ఒక్క వ్యక్తి దయ మీద ఆధారపడలేదు. పలు స్టూడియోలు, పంపిణీదారులు, ప్రదర్శకులు, సాంకేతిక నిపుణులు ఒకరికొకరు ఆసరాగా నిలిచారు. ఒక సంస్థ మూతపడినా పరిశ్రమ ఆగిపోలేదు.

పురస్కారాలు, మరణం

భారత ప్రభుత్వం 1974లో గంగూలీకి పద్మభూషణ్ ప్రదానం చేసింది. 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. అంతకు ముందు సంవత్సరపు ఫాల్కే పురస్కారం తెలుగు దర్శకుడు బి.ఎన్. రెడ్డికి లభించింది. గంగూలీ 1978 నవంబరు 18న తన 85వ యేట కలకత్తాలో మరణించాడు.

చలనచిత్ర చరిత్రలో స్థానం

బెంగాలీ సినిమా చరిత్రలో గంగూలీ స్థానం సుస్థిరమైనది. తెలుగు ప్రాంతాల సినిమా చరిత్రలో మాత్రం ఈయన పేరు తరచుగా మరుగున పడుతుంది. తీసిన చిత్రాలు మిగలకపోవడం, తెలుగువాడు కాకపోవడం, హైదరాబాదులో ఉన్న కాలం స్వల్పం కావడం ఇందుకు కారణాలు. అయినా మద్రాసులో రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) తీసిన మరుసటి సంవత్సరమే హైదరాబాదులో కూడా స్టూడియో వెలసిందన్నది మరువరాని విషయం. నేటి హైదరాబాదు చిత్ర పరిశ్రమ చరిత్ర సారథి స్టూడియోస్‌తో కాక, అంతకు మూడు దశాబ్దాలకు పైగా ముందే, లోటస్ ఫిల్మ్ కంపెనీతో మొదలవుతుంది.