కాటను దొర: ఆవిరియు, నీరును

పాకాల-ధర్మవరము రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున కలికిరి మీదుగా వచ్చినది. మదనపల్లె సీమ రైతునకు నాడు ఆవిరిబండి దక్కెను గాని, గోదావరి మండలమునకు దక్కినట్టి జీవనది కాలువ దక్కలేదు. ఈ రెంటిలో దేశమునకు ముందు కావలసిన దేది యని జీవితమంతయు వాదించిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటను.

ఆయన 1803 మే 15వ తేదీన జన్మించి, పదునెనిమిదేండ్ల ప్రాయమున చెన్నపట్టణము చేరెను. 1836లో కొల్లడమునకు ఆనకట్టలు కట్టి తంజావూరు పొలములకు కావేరి నీటిని నిలిపెను. ఆయనకు ఆవిరియంత్రము గిట్టదని తలచుట పొరపాటు. 1837లో చెన్నపట్టణమునకు రాతిని చేర్చుటకై రెడ్‌హిల్సునుండి వేసిన పట్టాలదారి ఆయన పూనికవలన నేర్పడినదే. భారతదేశమున తొలి రైలుమార్గ మదియే. ధవళేశ్వరమున సైతము రాతిని పట్టాలమీదనే తరలించెను.

1847లో ఆరంభమైన గోదావరి ఆనకట్ట 1852లో ముగిసెను. 1833 నాటి కరవునకును, 1839 నాటి తుపానునకును చితికిపోయిన మండలము అన్నపూర్ణ యయ్యెను. దానివలన కంపెనీ బొక్కసమును నిండినమాట నిజమే. పరపాలనమును పొగడుట మన యుద్దేశము గాదు.

ఆ పిమ్మట రైలుకంపెనీలకు నూటికి 5 వంతున వడ్డీకి పూచీపడి ఆ భారమును మన పన్నులపై మోపిన ప్రభుత్వము, కాలువల విషయమున చేయి ముడిచెను. కాలువ పొలమును తడుపును, చౌకగా పడవను మోయును. రైలు సరకును మాత్రమే మోయును అని కాటను వాదము. 1876-78 నాటి ధాత కరవున రైళ్లు ధాన్యమును తెచ్చినను, కొనుటకు కాసులేనివాని యాకలి తీరలేదు. 1878లో పార్లమెంటు సంఘము నెదుట డెబ్బదియైదేండ్ల వృద్ధుడు ఈ వాదమునే వినిపించెను. ఏలికలు దానిని మన్నింపలేదు. 1899 జూలైలో ఆయన కన్నుమూసెను.

పాత ఆనకట్ట నిర్మాణమున వాడిన యంత్రములు ధవళేశ్వరమున ఆయన పేరిటి ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. గోదావరీ స్నానమునకు పోవు కలికిరి ప్రాంతపువారు బిడ్డలను వెంటగొని ఆ శాలను గూడ చూచి రావలెను. యంత్రము గొప్పదనము దాని వేగమున గాక, అది తీర్చిన యాకలియం దున్నదని ఆ యినుప పనిముట్లను జూపి వారికి బోధింపవచ్చును.