కీచిరో టొయోడా: చిన్న కార్ఖానాలు

నర్సీపట్నము నానుకొని వరాహనదీ తీరమున బలిఘట్టము గలదు. బలిచక్రవర్తి యజ్ఞము చేసినది యిచ్చటనేయని స్థలపురాణము. వామనుడు కోరినది మూడడుగులే. ఇచ్చిన దాత పాతాళమున కేగెను. పెద్ద మోటారు కంపెనీలకు విడిభాగములు చేసి యిచ్చు చిన్న కార్ఖానాదారులను తలచినప్పుడు మాకీ కథ స్ఫురించును. లీన్ పద్ధతి పేరిట వీరిని కోరునదియు స్వల్పముగనే కనుపించును: నేటికి వలసినన్ని భాగములే, నేటి వేళకే, లోపము లేకుండ పంపవలెను. కంపెనీ గిడ్డంగి ఖాళీ యగును. ఆ నిల్వ చిన్నవాని షెడ్డులో పేరుకొనును; దానికై చేసిన అప్పు వాని నెత్తికెక్కును. శ్రీసిటీలో ఇసుజు 2016లోను, పెనుకొండ చెంత కియా 2019లోను కార్ఖానాలు తెరచిన పిమ్మట తెలుగునాట నిది దూరపు ముచ్చట గాదు. ఈ పద్ధతికి మూలపురుషులలో నొకడైన కీచిరో టొయోడా ఉద్దేశించినది ఇదియేనా?

కీచిరో 1894లో జపానునందు జన్మించెను. తండ్రి సకిచి ఒక వడ్రంగి కుమారుడు, మగ్గముల నిర్మాత. నూలుపోగు తెగినంతనే తానుగా ఆగిపోవు మగ్గమును ఆయన కల్పించెను. మన నేతగాండ్రకు దీని విలువ చెప్పనక్కరలేదు. పోగు తెగినను మగ్గమాడుచునే యున్నచో గజములకొలది గుడ్డ పాడగును. కుమారుడు 1920లో టోకియో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్ర పట్టము పొంది, తండ్రితో గూడి 1924లో స్వయంచాలక మగ్గమును సిద్ధపరచెను. దాని హక్కులకు 1929లో ఇంగ్లండునందలి ప్లాట్ సోదరుల కంపెనీ లక్ష పౌనుల నిచ్చుట కంగీకరించెను. లోకమునకెల్ల నేతయంత్రముల నమ్మిన లంకాషైరువారే ఆసియావాసి మగ్గమునకు మూల్యము గట్టుట మాకు ముచ్చట గొలుపు విషయము.

1933లో ఆయన మగ్గముల కార్ఖానాలోనే మోటారు శాఖ నొకదానిని పెట్టెను. సిలిండరు పోతలు వరుసగా చెడిపోయెను. 1935లో విక్రయించిన లారీలు దారిలోనే నిలిచిపోయెను. తగిన విడిభాగములు స్వదేశమున దొరకక, ఫోర్డు, షెవర్లే భాగములను గూడ వాడుకొనవలసివచ్చెను. కంపెనీ 1937లో వేరుపడెను. 1938లో కొరోమోలో పెద్ద కార్ఖానా వెలసెను. అమెరికనులవలె గిడ్డంగులు నింపుటకు చేత సొమ్ము లేదు. కావలసినది, కావలసినప్పుడు, కావలసినంతయే చేయుట యను సూత్రము ఆ లేమినుండియే పుట్టినదని మా యభిప్రాయము. పనివారికి దీనిని బోధించుటకు కీచిరో నాలుగంగుళముల మందముగల పుస్తకమును వ్రాసియిచ్చెను. నాటికి నియమించిన సంఖ్య ముగిసినచో పనివాడు ఇంటికి పోవచ్చును. అంతకు మించి చేయుట నేరము.

కంపెనీ 1939లో చేసికొనిన కొనుగోలు నియమములను మనవారు ముఖ్యముగా గమనింపవలెను. భాగముల నిచ్చు కార్ఖానా నొకసారి ఎన్నుకొనినచో దానిని తమ శాఖగానే భావింపవలెను. చౌక బేరమునకై మరియొకరిని వెదకరాదు. దాని పనితనము పెంచుటకు తామును పాటుపడవలెను. యుద్ధము వచ్చి ప్రభుత్వపు కట్టుబాట్ల వలన కొరోమో పద్ధతి చెదరిపోయెను. యుద్ధానంతరము తాయిచి ఓనో దానిని పునరుద్ధరించెను. ఆ కంపెనీ తన యింట పదియేండ్లకు పైగా సరిచూచుకొనిన పిమ్మటనే, 1960 దశకమున, చిన్న కార్ఖానాలను ఇందు చేర్చుకొనెను. మన పెద్ద కొనుగోలుదారులకు ఈ వరుస తలక్రిందుగా తోచుచున్నది కాబోలు! తమ యిల్లు చక్కబెట్టుకొనక మునుపే చిన్నవానికి గడియారము చూపుదురు.

భారత ప్రభుత్వము 2023 మార్చిలో చిన్న పరిశ్రమల లీన్ పథకమును క్రొత్త రూపమున ప్రారంభించి, అమలు వ్యయమున నూటికి 90 వంతులు భరించుటకు పూనుకొనెను. మంచిదే. కాని లేతు వద్ద వ్యర్థమును తగ్గించి మిగిల్చిన రూపాయి, రావలసిన బాకీ రాక వడ్డీకి పోయినచో ఫలమేమి? సరకు అందిన 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని 2006 చట్టము విధించుచున్నది. వేళకు భాగము నడుగువాడు వేళకు సొమ్మిచ్చుట పద్ధతిలో సగమని మేము తలంతుము.

కీచిరో మాటకు కట్టుబడు మనుజుడు. 1949లో యుద్ధానంతరపు ఆర్థిక సంకటమున కంపెనీ మునుగునట్లుండగా, జీతముల కోతకు ప్రతిగా ఎవరిని తొలగింపమని పనివారికి వాగ్దాన మీయబడెను. మరుసటి యేట అది నిలువదయ్యెను. సమ్మె సాగెను, పెక్కుమంది పని వీడిరి. వారితోపాటు 1950 జూనులో ఆయనయు అధ్యక్షపదవిని వీడెను. 1952లో మరల రమ్మని కోరగా నంగీకరించెను గాని, పదవి నధిష్ఠింపక మునుపే ఆ మార్చిలో, 57వ యేట, గతించెను. 1959లో కొరోమో పట్టణమునకు టొయోటా అని పేరు మార్చిరి.