లియో ఫెండర్

లియో ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) విద్యుత్ గిటార్లు, బేస్ గిటార్లు, యాంప్లిఫయర్ల రూపకల్పనలో ప్రసిద్ధి చెందిన అమెరికా దేశస్థుడు. పూర్తిపేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. ఈయన 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్, విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మొదటి విద్యుత్ బేస్ గిటారు. ఆ వాద్యపు ముఖభాగంపై స్క్రూలతో బిగించే పలుచని పలకను పిక్‌గార్డు అంటారు. మీటే బిళ్ళ గాని వేళ్ళు గాని రాసుకొని చెక్క మెరుగు చెడిపోకుండా కాపాడడం దాని పని. అవసరం కొరకు పుట్టిన ఈ పలక కాలక్రమాన వాద్యకారుల అభిరుచికి గుర్తుగా మారింది. ఏనాడూ గిటారు వాయించడం నేర్చుకోని వ్యక్తి ఈ అభిరుచులకు మూలపురుషుడు కావడం విశేషం.

బాల్యం, ఉద్యోగం

ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ నారింజ తోటలు పెంచే కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదేళ్ళ వయసులో కణితి కారణంగా ఒక కన్ను కోల్పోయి, గాజు కన్ను అమర్చుకొన్నాడు. చిన్ననాటి నుండి రేడియోలపై మక్కువ ఉన్నా కళాశాలలో గణకశాస్త్రం చదివి, గుమాస్తాగా పనిచేశాడు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచాడు.

ఈ దుకాణపు అనుభవాన్ని గుర్తించకపోతే ఆయన వాద్యాలు అర్థం కావు. రేడియో బాగుచేసేవానికి కావలసింది తేలికగా విప్పి, తేలికగా బిగించే వీలు. ఫెండర్ గిటార్లలో మెడను దండెకు జిగురుతో అతికించక స్క్రూలతో బిగించడం ఈ ఆలోచన ఫలితమే. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారులో పికప్‌లు, మీటలు అన్నీ పిక్‌గార్డుకే అమర్చాడు. తీగలు తొలగించి పలక విప్పితే లోపలి అమరిక దాదాపు అంతా చేతికి వచ్చేది.

ప్రెసిషన్ బేస్

అంతకు ముందు మంద్రస్వరాల కొరకు వాడే డబుల్ బేస్ మనిషి కంటె ఎత్తుగా ఉండి, మోసుకుపోవడానికి కష్టమయ్యేది. విద్యుత్ వాద్యాల హోరులో దాని ధ్వని వినబడేది కాదు. మెట్లున్న విద్యుత్ బేస్‌ను 1930లలోనే సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ తయారుచేసినా అది వ్యాప్తి చెందలేదు. ఫెండర్ బేస్‌కు తీగల పొడవు 34 అంగుళాలు, మెట్లు 20. మెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది కనుక ప్రెసిషన్ అని పేరు పెట్టారు.

మొదటి నమూనాలో లేత పసుపు రంగు చెక్కపై పెద్ద నల్లని పిక్‌గార్డు ఉండేది. అలంకారం ఏమీ లేదు. అయినా ఆ రెండు రంగుల ఎడమే దానికి అందం తెచ్చిందని చెప్పాలి. 1954లో దండె అంచులను నునుపుగా మలచి, నడుమ పసుపు, అంచుల్లో ముదురు రంగు వచ్చే సన్‌బర్‌స్ట్ వన్నె వేసి, తెల్లని పలక బిగించారు. 1957లో బేస్ రూపాన్నే మార్చివేశారు. పికప్ రెండు ముక్కలయింది. మీటలు పిక్‌గార్డు మీదికి వచ్చాయి. పలకను బంగారు వన్నె అల్యూమినియంతో చేశారు. లోహం కావడం వలన బయటి విద్యుత్ రొదను కొంత అడ్డుకొనేది. అయితే వేళ్ళు తగిలేచోట పైవన్నె అరిగిపోయి తెల్లని లోహం బయటపడేది. 1959 నుండి తాబేటి చిప్పను పోలిన సెల్యులాయిడ్ పలక వచ్చింది. ఇదీ శాశ్వతం కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి స్క్రూల వద్ద పగిలేది. ఆ కాలపు తెల్లని సెల్యులాయిడ్ పలకలు లేత ఆకుపచ్చకు తిరిగాయి. తరువాతి తరాలవారు ఆ వయసు తెచ్చిన రంగునే కోరి, కొత్త పలకలకు కూడా వేయించుకొన్నారు.

1960లో జాజ్ బేస్ వెలువడింది. ఇందులో మీటలకు వేరుగా మెరిసే లోహపు పలక ఉంటుంది.

అభిరుచి భేదాలు

మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ (1936 - 1983) వాద్యం 1962 నాటి ప్రెసిషన్. సన్‌బర్‌స్ట్ వన్నె, తాబేటి చిప్ప పలక కలిసిన ఆ రూపం చాలామంది మనసులో బేస్ గిటారుకు మారుపేరుగా నిలిచింది. దీనికి భిన్నంగా జాకో పాస్టోరియస్ (1951 - 1987) వాడిన 1962 నాటి జాజ్ బేస్‌కు మెట్లూ లేవు, పిక్‌గార్డూ లేదు. పలక తీసివేస్తే చెక్క పూర్తిగా కనబడుతుందని కొందరు, స్క్రూల రంధ్రాలు మిగిలి బోసిగా ఉంటుందని కొందరు భావిస్తారు. పిక్‌గార్డు రూపకల్పనలో భాగమే కనుక రెండోవారి పక్షమే న్యాయంగా తోస్తుంది. కాని పాస్టోరియస్ వాద్యం విషయంలో ఈ వాదన నిలవదు. ఆ బోసితనమే దాని గుర్తు.

తరువాతి జీవితం

అనారోగ్యం వల్ల ఫెండర్ 1965లో తన సంస్థను సీబీఎస్‌కు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. తరువాత మ్యూజిక్ మ్యాన్ సంస్థకు రూపొందించిన స్టింగ్‌రే బేస్ (1976)లో పిక్‌గార్డు గుడ్డు ఆకారానికి కుదించుకుపోయింది. చిరకాల సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి స్థాపించిన జీ అండ్ ఎల్ సంస్థ నుండి 1980లో వచ్చిన ఎల్-2000 బేస్‌కు పిక్‌గార్డే లేదు. మీటల కింద ఒక చిన్న లోహపు పలక మాత్రం ఉంది. అభిమానులు పాత పలకల కొరకు వెదకుతున్న కాలంలో, వాటిని మొదలుపెట్టినవాడు వాటిని వదలివేశాడు. ఆయన దృష్టి అంతా పికప్‌ల మీద, వంతెన మీద ఉండేది.

పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూనే పని కొనసాగించిన ఫెండర్ 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లో మరణించాడు. 1992లో ఆయన పేరును రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.