గొలుసు పట్టిన క్లౌ దొర

ఫ్రెండ్స్, ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఎక్కడైనా వత్తులు తప్పితే క్షమించండి. ఈ సంచికకి ఒక పాతకాలపు మనిషి జీవితం రాయమంటే, నేను ఒక సర్వేయర్‌ని ఎంచుకున్నాను. సివిల్ బ్రాంచ్ వాళ్ళు సంతోషించండి. ఆయన తర్వాత మిషనరీ అయ్యాడు. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వైపు పాత తరం వాళ్ళు క్లౌ దొర అంటారు. మన తెలంగాణలో దొర అంటే గడీ గుర్తొస్తుంది గానీ, అక్కడ ఆ రోజుల్లో తెల్లవాళ్ళందరినీ అట్లానే పిలిచేవాళ్ళు.

ఆయన గురించే ఎందుకంటే, మా అవ్వ వల్ల. మాది పాలమూరు జిల్లా. పాలమూరు లేబర్ గురించి మీరు వినే ఉంటారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, ఇల్లు తాళం వేసి, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోయేవాళ్ళు. మా తాత మట్టి తవ్వాడు, మా అవ్వ తట్టలు మోసింది. అవ్వ చదువుకోలేదు. కానీ రోజూ పొద్దున లేవగానే ప్రార్థన చేసుకునేది. ఒకసారి నేను అడిగాను, అసలు నీకు ఎప్పుడూ దేవుడి మీద అనుమానం రాలేదా అని. రాకుండా ఎట్లుంటదని నవ్వింది. అనుమానం రోజూ వచ్చేదట. వచ్చిందని తట్ట మాత్రం కింద పడెయ్యలేదట.

అవ్వ పోయి ఏడాది దాటింది. ఆమె ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ నేను ప్రార్థన చేశాను. తర్వాత చాలా రోజులు చెయ్యలేకపోయాను. చర్చికి పోతే అందరికీ గట్టి నమ్మకం ఉన్నట్టు, నాకొక్కడికే లేనట్టు అనిపించేది. ఆ టైంలోనే క్లౌ కథ పూర్తిగా చదివాను. అందులో నాకు దొరికింది గట్టి నమ్మకం ఉన్న మనిషి కాదు. అనుమానం పక్కన పెట్టుకునే పని చేసిన మనిషి.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. ఇంట్లో డబ్బు లేదు. కుటుంబం పడమటికి, అయోవా వైపు వలస పోయింది. కుర్రవాడు టీనేజ్‌లోనే ప్రభుత్వ సర్వే బృందంలో చేరి మిన్నెసోటా అడవుల్లో గొలుసు లాగే పని చేశాడు. అప్పటి సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. 80 గొలుసులు ఒక మైలు. చలిలో, చిత్తడిలో రోజంతా నడిచి, కొలిచి, గుర్తు పాతి, మళ్ళీ ముందుకు నడవడమే పని. ఎదురుగా ఉన్నది అడవి అయినా, బురద అయినా గీత తిన్నగా పోవాలి.

ఆ వయసులో ఆయనకి దేవుడంటే నమ్మకం లేదు. లాయర్ కావాలని ఆశ. చదువు కోసం అయోవాలోని బర్లింగ్‌టన్‌లో చేరాడు. అక్కడి హాస్టల్ రూమ్ గురించి ఒక కథ చెప్తారు. రూమ్‌మేట్ భక్తిపరుడు, రాత్రి మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటాడు. క్లౌకి చిరాకు. సుద్దముక్కతో గది మధ్యలో గీత గీసి, ప్రార్థనలన్నీ గీతకి అటువైపే, ఇటు రావొద్దని తేల్చేశాడట. రూమ్‌మేట్ గొడవ పడలేదు. తన వైపే ఉండి రోజూ ప్రార్థన చేసుకున్నాడు. చివరికి క్లౌనే గీత దాటాడంటారు. మొత్తానికి 1858లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. హాస్టల్‌లో ఉండేవాళ్ళకి ఈ కథ ఎంత నిజంగా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. వాదన గెలిచి మనిషిని మార్చడం కష్టం. పక్క మంచం మీద ఒకడు నిజాయితీగా బతుకుతుంటే మాత్రం చూడకుండా ఉండలేం.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోవాలి. క్లౌ వచ్చి చేరిన తెలుగు మిషన్‌నే దాన్ని పంపిన సంఘం నమ్మలేదు. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టారు, 1840 నుంచి నెల్లూరు కేంద్రం. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మూసేద్దామా అన్న మాట 1848లో వచ్చింది, 1853లో వచ్చింది, 1862లో మళ్ళీ వచ్చింది. మ్యాప్‌లో ఒంటరిగా ఉన్న ఆ ఒక్క స్టేషన్‌ని ఒంటరి నక్షత్రం అనేవాళ్ళు. 1853 సభ జరిగినప్పుడు శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ పేరుతోనే ఒక పద్యం రాశాడు.

నెల్లూరులో ఉన్న లైమన్ జెవెట్ మాత్రం వదల్లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, భార్య, ఇంకో ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్ళ దాకా ఒంగోలుకి ఆ మనిషి రాలేదు. 1862లో మిషన్ మూసేద్దామని మళ్ళీ అన్నప్పుడు, జబ్బుతో అమెరికాలో ఉన్న జెవెట్, మీరు పంపకపోయినా నేనొక్కడినే తిరిగిపోతాను, అక్కడే బతికి అక్కడే చస్తాను అన్నాడు. అట్లాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఇంకొకర్ని పంపాలి కదా అన్నాడు సంఘం కార్యదర్శి. అట్లా పంపిన ఆ ఇంకొకరే క్లౌ. 1864 చివర్లో భార్య హారియెట్‌తో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరాడు. 1866 సెప్టెంబర్‌లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

వచ్చేటప్పుడు క్లౌ మనసులో ఒక ప్లాన్ ఉంది. ముందు పై కులాలవాళ్ళు వస్తారు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు వస్తారు అని. జరిగింది వేరు. తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి వచ్చాడు. మాదిగ కులస్థుడు. అంతకు ముందే ఒక గురువు దగ్గర యోగసాధన చేసి, దేవుణ్ణి వెతుకుతున్న మనిషి. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య ఊరూరూ తిరిగి తనవాళ్ళకి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో మొదలైంది. అదే నెలలో తాళ్ళకొండపాడులో 28 మంది చేరారు. ఒంగోలు కథలో పేరయ్య పేరు ముందు రావాలని నా అభిప్రాయం. ఎండలో ఆ ఊళ్ళన్నీ నడిచింది ఆయన.

అప్పుడే చిక్కు వచ్చింది. క్లౌ దగ్గరికి, ఆయన బడికి వస్తున్న పై కులాల పెద్దలు, మాదిగలని చేర్చుకుంటే మేము రాము అన్నారు. క్లౌ భయపడ్డాడు. అనుకున్న ప్లాన్ మొత్తం పోతుంది. కాదంటే వచ్చినవాళ్ళని వాకిట్లో నుంచి తోసెయ్యాలి. ఏది చెయ్యాలో తెలియక ఆయన ఒక గదిలో, హారియెట్ ఇంకో గదిలో కూర్చున్నారు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిచారు. ఇద్దరికీ వచ్చింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, లోకం లెక్కచెయ్యనివాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే చోటు. సీఎస్ వాడిని కాబట్టి ప్రాబబిలిటీ ఎంత అని నేనూ ఆలోచించాను. యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకు ముఖ్యంగా అనిపించింది ఆ తర్వాత జరిగింది. వాళ్ళు మాదిగలకి తలుపు తెరిచారు, పై కులాల వాళ్ళు రావడం మానేశారు. ఆ నిర్ణయానికి ధర ఉంది, అది కట్టారు.

పదేళ్ళకి కరువు వచ్చింది. 1876లో వానలు పోయాయి, 1878 దాకా తేరుకోలేదు. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి వైపు, మన నిజాం రాజ్యం, అన్నీ ఎండిపోయాయి. ఆ కరువులో అర కోటికి పైగా మంది చనిపోయారని చరిత్రకారుల లెక్క. ఆకలి వెనకే కలరా. అంత చావు మధ్యలో దేవుడు ఎక్కడున్నాడని అడగని క్రైస్తవుడు ఉండడు. ఒంగోలు చుట్టుపక్కల క్లౌకి తెలిసిన ఊళ్ళల్లోనే జనం రాలిపోతున్నారు.

ప్రభుత్వం కరువు పనుల కింద కోస్తా వెంట కాలువ తవ్విస్తోంది. అప్పటి గవర్నర్ పేరు మీద దాన్ని బకింగ్‌హామ్ కాలువ అంటాం. మిగతా క్యాంపుల్లో కూలీలని, ముఖ్యంగా అంటరానివాళ్ళని, పై పనివాళ్ళు పీడిస్తున్నారని తెలిసి క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళు తనే కాంట్రాక్ట్ తీసుకున్నాడు. మిన్నెసోటా అడవిలో నేర్చుకున్న విద్య ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ పనికొచ్చింది. 280 గొలుసుల పొడవు. కొలిచి, గీత వేసి, గుంతలు పంచి ఇచ్చాడు. మిషన్ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. క్రైస్తవులనీ కాదనీ చూడకుండా పని ఇచ్చాడు. వేలమంది తవ్వారు. మధ్యాహ్నం కూలీలు నీడన కూర్చున్నప్పుడు బోధకులు కూడా పక్కన కూర్చుని, భారం మోసి అలసినవాళ్ళని యేసు పిలిచే మాట చెప్పేవాళ్ళు. తలమీద తట్ట దించి ఆ మాట వింటే ఎట్లుంటదో మా అవ్వకి తెలుసు.

ఇక్కడే క్లౌ చేసిన పని నాకు చాలా నచ్చింది. జనం బాప్తిస్మం ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమో అని అనుమానం. ఆ అనుమానాన్ని ఆయన పాపం అనుకోలేదు, దాచిపెట్టలేదు. దాన్ని ఒక పరీక్షలాగా వాడాడు. ముందు డబ్బు ఆగిపోవాలి, అప్పుడు చూద్దాం అనుకున్నాడు.

1878 జూన్‌లో సాయం ఆగింది. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో పాత క్రైస్తవులని మాత్రమే రమ్మని కబురు పంపాడు. వచ్చింది వేలమంది. ఇక నా దగ్గర డబ్బు లేదు, సాయం లేదు, ఇళ్ళకి పొమ్మని చెప్పాడు. మాకు డబ్బు వద్దు, కష్టపడి బతుకుతాం, బతక్కపోతే చస్తాం, బాప్తిస్మం మాత్రం ఇవ్వమని వాళ్ళు అన్నారు. కాదనడానికి ఇక కారణం మిగల్లేదు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. జూలై 3న నీళ్ళల్లో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, వంతులవారీగా ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా తన చేతితో ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘంలో 12,000 మందికి పైగా ఉన్నారు.

అయినా అనుమానాలు ఆగలేదు. అమెరికాలో, ఇక్కడ కూడా, వీళ్ళంతా బియ్యం క్రైస్తవులని అన్నవాళ్ళు ఉన్నారు. క్లౌ వాదించి అందర్నీ ఒప్పించలేడు. బళ్ళు పెట్టాడు, బోధకులకి చదువు చెప్పించాడు. 1893లో హారియెట్ పోయింది. తర్వాతి ఏడాది ఎమ్మా రౌషెన్‌బుష్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆయన చెప్పగా ఎమ్మా రాసిన ఆత్మకథ ఆయన పోయాక 1914లో అచ్చయింది. 1910 నవంబర్ 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో క్లౌ కన్నుమూశాడు.

ఒంటరి నక్షత్రం అన్న ఆ మిషన్ తర్వాత కృష్ణ దాటి మన వైపు కూడా వచ్చింది. 1885లో పాలమూరులో, 1890లో నల్లగొండలో స్టేషన్లు పెట్టారు. నల్లగొండకి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెనోనైట్. 1862లో ఆ ఒక్క సభలో మూసేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. మా అవ్వ ప్రార్థన చేసుకున్న చిన్న చర్చి కూడా ఉండేది కాదేమో.

మన క్లబ్‌లో అన్ని మతాలవాళ్ళు ఉన్నారు, అసలు నమ్మనివాళ్ళు కూడా ఉన్నారు. ఎవర్నీ ఎటు తిప్పడానికీ ఇది రాయలేదు. నాకు అర్థమైంది చెప్తున్నా, అంతే. భయం పూర్తిగా పోయాక నమ్మాలి అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇంటర్నల్స్ అయినా, బ్యాక్‌లాగ్ అయినా, ఆస్పత్రి వరండా అయినా, ముందు మనసు కుదుటపడాలి, తర్వాత ప్రార్థన అని. క్లౌ జీవితంలో ఆ వరస ఎక్కడా కనపడలేదు. బైబిల్ తెరిచిన రాత్రి భయంతోనే తెరిచాడు. కాలువ తవ్వించేటప్పుడు అనుమానంతోనే తవ్వించాడు. కానీ ఆ రోజుకి కొలవాల్సిన గొలుసు కొలిచాడు.

పోయిన ఆదివారం నేను మళ్ళీ చర్చికి పోయాను. అనుమానాలు అట్లానే ఉన్నాయి. అవ్వ ఎప్పుడూ కూర్చునే చోట, చాప మీద కూర్చున్నాను.